మనిషికి వంద వాట్లు

నవంబర్ 9

ఇవాళ మా వీధి తలుపు పదహారు నిమిషాలు బార్లా తెరిచి ఉంది. నెల రోజులుగా నేను కూడబెట్టుకొచ్చిన వెచ్చదనమంతా ఆ పదహారు నిమిషాల్లో వీధిపాలైంది. రబ్బరు పట్టీ కొనుక్కుని వచ్చేసరికి 10.56. తలుపు పక్కన వేలాడే రిజిస్టరులో మా ఆవిడ చేతిరాత. తెరిచిన సమయం 10.40. మూసిన సమయం దగ్గర ఖాళీ. కారణం అన్న గడిలో మొదలుపెట్టి, పక్క మూడు గడుల మీదుగా ఏటవాలుగా రాసుకుంటూ పోయింది: "ఇది మనుషులుండే ఇల్లు కాదు. అక్క దగ్గరికి వెళ్తున్నా. మనుషులుండే ఇల్లయ్యాక కబురు చేయండి, వస్తాను."

గడులు దాటి రాయొద్దని ఎన్నిసార్లు చెప్పానో.

తలుపులు మూసి డిగ్రీలు చూశాను. పదహారు. ఆవిడ రాసినదాంట్లో తప్పేమీ లేదు. మనుషులుండే ఇంట్లో ఇరవై ఒకటైనా ఉండాలి. ఇంకో ఐదు డిగ్రీలు తెస్తే ఆవిడ వచ్చేస్తుంది. గొడవ పడి వెళ్ళలేదు కాబట్టి నయం, సమస్య ఏమిటో స్పష్టంగా రాసి మరీ వెళ్ళింది. అందరి ఇళ్ళలో ఆడవాళ్ళు ఇంత వివరంగా చెప్పరు.

ఈ నోటుబుక్కు గోడౌన్‌లో ఇచ్చినది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఇందులో రాస్తున్నాను.

నవంబర్ 10

ఏం మిగిలిపోయిందో తెలియాలంటే ఏం చేశామో రాసుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా కోల్డ్ స్టోరేజీలో తలుపుల సూపర్‌వైజరుగా ఉన్నాను. నాలుగు వందల టన్నుల బంగాళాదుంపల్ని మూడు డిగ్రీల దగ్గర నిలబెడుతున్నవాడికి మూడు గదుల ఇల్లు ఒక లెక్కా? బయటి వేడిని లోపలికి రానివ్వకపోవడం, లోపలి వేడిని బయటికి పోనివ్వకపోవడం, రెండూ ఒకే పని.

అన్ని తలుపులకూ కాగితం పరీక్ష చేశాను. సందులో కాగితం పెట్టి తలుపేసి లాగాలి. జారి వస్తే రబ్బరు వదులు, చిరిగితే గట్టి. మా ఇంట్లో ఇప్పుడు ఏ తలుపు దగ్గరైనా కాగితం చిరుగుతుంది. పడకగదికి గోడౌన్ నుంచి తెచ్చిన పాత ప్లాస్టిక్ పట్టీల తెర వేలాడదీశాను. ఆవిడ అందులోంచి వచ్చిన ప్రతిసారీ జుట్టు సవరించుకునేది. వీధి తలుపుకి మూడడుగుల లోపల రెండో తలుపు పెట్టించాను. మొదటిది పూర్తిగా పడితేనే రెండోది తెరవాలి, అంతే నియమం. ఒకసారి కూరల సంచితో ఆ మధ్యలో నిలబడి, "గడియ తీయండి, చేతులు పడిపోతున్నాయి" అంది. ఆవిడ వెనకున్న వీధి తలుపు ఇంకా వేలెడు తెరిచి ఉంది. అది పడ్డాక తీశాను.

వంటింటి కిటికీకి రెండో తారీకున టేపు వేశాను. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద కన్నం అదే. రోజూ పొద్దున్నే అరగంట తెరిచి పెట్టుకుని పక్కింటావిడతో మాట్లాడేది. నేను టేపు వేస్తున్నప్పుడు కూడా పక్కింటావిడ అటువైపు నిలబడి ఏదో చెబుతూనే ఉంది. మాట సగంలో ఉండగా చివరి మూల అతికించేశాను. దాంతో అర డిగ్రీ కలిసొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇదెందుకు రాస్తున్నానో, డిగ్రీలతో సంబంధం లేని సంగతి.

నవంబర్ 12

పదహారు. డ్యూటీ పొడిగించారు. ఇంటికి రావడం ఆలస్యమైంది.

నవంబర్ 13

ఫోన్ చేశాను.

"ఎలా ఉంది అక్కడ?"

"బాగుంది."

"ఎన్ని డిగ్రీలుంటుంది?"

పెట్టేసింది. వాళ్ళక్క ఇంట్లో సిగ్నల్ సరిగా అందదనుకుంటాను.

నవంబర్ 15

ఇళ్ళలో గాలి ఎక్కడెక్కడ కారుతోందో చూసిపెట్టే సర్కారు మనిషిని పిలిపించాను. చేతిలో పొగ వచ్చే పుల్ల పట్టుకుని గోడల వెంట నడుస్తాడు, పొగ ఎటు వంగితే అటు సందు ఉన్నట్టు. మా వీధిలో అందరూ అతన్ని పొగపుల్ల అనే పిలుస్తారు. గంటసేపు తిరిగాడు. పొగ ఎక్కడా వంగలేదు, నిట్టనిలువుగా కప్పుదాకా పోయింది.

"ఇల్లు కాదు సార్ ఇది, మూత బిగించిన డబ్బా" అన్నాడు. "నా సర్వీసులో ఇంత గట్టిగా మూసిన ఇల్లు చూడలేదు."

నాకు గర్వంగానే అనిపించింది. "మరి పదహారు దాటదేం?" అన్నాను.

"మూస్తే ఉన్న వేడి ఆగుతుంది సార్, లేనిది ఎలా వస్తుంది? ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ప్రస్తుతం ఒకణ్ణే."

అతను నా వంక జాలిగా చూసి, ఫారం నింపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత డిగ్రీలు చూస్తే పదహారున్నర. ఆ గంటలో నేను చేసిందేమీ లేదు. అతను ఉన్నాడు, అంతే.

నా తలకాయకి ఇంతకాలం తట్టనందుకు సిగ్గేసింది. గోడౌన్‌లో వేడి లెక్క వేసేటప్పుడు మనుషుల్ని కూడా వేస్తాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు వంద వాట్లు, బస్తాలు మోసేవాడి నుంచి ఇంకా ఎక్కువ. అందుకే కూలీల్ని గదిలో నిమిషం ఎక్కువ నిలబడనివ్వను, "బయటికి, బయటికి" అంటూ వెంటబడతాను. దుంపలు కూడా ఊపిరి తీస్తాయి, వాటి వేడీ లెక్కలోకే వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నేను బయటికి తోలింది ఇప్పుడు నా ఇంటికి కావాలి.

ఆవిడ వెళ్ళడం వల్ల వంద వాట్లు పడిపోయాయన్నమాట. ఇప్పుడు అర్థమైంది. ఆవిడ రావాలంటే ఇల్లు వెచ్చబడాలి, ఇల్లు వెచ్చబడాలంటే ఆవిడ ఉండాలి. ఈలోగా ఎవరినో ఒకరిని సర్దాలి.

నవంబర్ 16

హీటరు కొంటే సరిపోతుంది కదా అని గోడౌన్‌లో గుమాస్తా అన్నాడు. తలుపు వేయడం చేతకానివాళ్ళు కొంటారు హీటర్లు. నా వృత్తికే అవమానం.

నవంబర్ 18

పదహారు. కూర బాగా కుదిరింది. బాగా కుదిరిందని చెబుదామని తలెత్తి, మళ్ళీ గిన్నె మీద మూత పెట్టేశాను. డ్యూటీ ఇవాళ కూడా పొడిగించారు.

నవంబర్ 22

సెలవు. వదినగారింటికి వెళ్ళాను. మా ఆవిడ ఎలాంటి పరిస్థితిలో ఉందో చూసి, అక్కడి ఏర్పాట్లు నేర్చుకుందామని.

వీధి తలుపు తెరిచే ఉంది. ఒక్క తలుపే. వసారాలోకి ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు, ఎవరూ ఏమీ రాయడం లేదు. కిటికీలు రెండూ బార్లా తీసి ఉన్నాయి. మా ఆవిడ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని నలుగురాడవాళ్ళ మధ్య కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ముక్కు ఎర్రగా ఉంది. ఏదో మాటకి పడీ పడీ నవ్వుతోంది. అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. నన్ను చూసి నవ్వు ఆపింది.

జేబులోంచి థర్మామీటరు తీసి కిటికీ పక్కన పెట్టాను. పదిహేను. మా ఇంటికన్నా ఒక డిగ్రీ తక్కువ.

థర్మామీటరు పాడైంది. రేపు గోడౌన్‌లో సరిచూడాలి.

నవంబర్ 23

సరిచూశాను. బాగానే ఉంది. ఏం చేయాలో తోచడం లేదు.

నవంబర్ 25

బావమరిది వచ్చాడు. మా ఆవిడ గోధుమరంగు స్వెట్టరు తెమ్మందట. ఆ స్వెట్టరు ఎక్కడుందో నాకు తెలుసు, అల్మారాలో రెండో అరలో. "వెతుకుతాను, కూర్చో" అని హాల్లో కూర్చోబెట్టి గంటన్నర వెతికాను. పదహారున్నర దాటింది.

"ఇవాళ దొరికేట్టు లేదు, ఎల్లుండి రా" అన్నాను.

"ఎల్లుండి చెప్పులు కూడా తెమ్మంటుందేమో బావా."

"చెప్పులకి ఇంకో రోజు రా."

నవంబర్ 28

పక్కింటావిడ తలుపు తట్టింది. కిటికీ సంగతి తర్వాత మా గడప తొక్కడం ఇదే మొదలు. ఎప్పుడో మా ఆవిడకి ఇచ్చిన పెద్ద గిన్నె కావాలట.

"ఆ రోజు నేను చెబుతున్నది సగంలో ఆగిపోయింది అన్నయ్యగారూ. మా అత్తగారి ఆపరేషను సంగతి. మీ ఆవిడకి అదింకా తెలియనే తెలియదు" అంది నిష్ఠూరంగా.

గిన్నె మంచం కిందుంది. "ఎక్కడ పెట్టిందో ఏమో, చూస్తాను, కూర్చోమ్మా" అన్నాను. కూర్చుంది. వాళ్ళత్తగారి ఆపరేషను మొత్తం చెప్పింది. నేను మంచం కింద తప్ప ఇల్లంతా వెతికాను. వినబడుతూనే ఉంది. ఆపరేషను బాగానే జరిగిందట.

డిసెంబర్ 2

పైవాటా దర్జీని కర్టెన్ల కొలతలకి పిలిచాను. మనిషి భారీ విగ్రహం, నూట పది వాట్లకి తక్కువ ఉండడు. కొలిచాడు. మళ్ళీ కొలవమన్నాను. "గుడ్డ కుంచించుకుపోవడం విన్నాను గానీ కిటికీ కుంచించుకుపోవడం వినలేదు సార్" అంటూనే రేపు కూడా వస్తానన్నాడు.

డిసెంబర్ 6

సెలవు. నలుగుర్నీ ఒకే సమయానికి వచ్చేట్టు చూశాను. బావమరిది చెప్పుల కోసం, పక్కింటావిడ గిన్నె కోసం, దర్జీ నాలుగో కొలత కోసం, పొగపుల్ల మళ్ళీ తనిఖీ కోసం. ఎవరి పని వాళ్ళకి ఉంది. నాతో కలిపి ఐదు వందల పైచిలుకు వాట్లు. టీ పెట్టాను, టీ కూడా వేడే కదా. పంతొమ్మిదిన్నర.

కూర్చుని కూర్చుని విసుగెత్తి బావమరిది పేకముక్కలు తీశాడు. నేను పక్కన నిలబడి రాసుకున్నాను. దర్జీ నవ్వితే నూట ముప్పై. బావమరిది మామూలుగా తొంభై, ఓడిపోతుంటే నూట నలభై. పక్కింటావిడ వంద, గిన్నె ఊసెత్తితే నూట యాభై దాకా పోతుంది. పొగపుల్ల ఎంత గొడవ జరిగినా ఎనభై దాటడు, సర్కారు మనిషి.

డిసెంబర్ 7

పదిహేడు. ఎవరూ రాలేదు. నలుగురు కూర్చున్న కుర్చీలు నాలుగూ అలాగే ఉన్నాయి. సర్దలేదు.

డిసెంబర్ 13

ఇరవైన్నర. దర్జీకి, బావమరిదికి ముక్క దగ్గర తగాదా వచ్చింది. ఒకళ్ళ మీదికి ఒకళ్ళు లేచారు. విడదీయబోయిన పక్కింటావిణ్ణి నేనే ఆపాను. "కానివ్వమ్మా, ఇంకో పది నిమిషాలు" అన్నాను. విచిత్రంగా చూసింది. తర్వాత రాజీపడి ఇద్దరూ ఒకే పళ్ళెంలో బిస్కెట్లు తిన్నారు, అర డిగ్రీ పడిపోయింది.

రేపు ఖాయం.

డిసెంబర్ 15

నిన్న రాయడానికి వీలు కాలేదు.

నిన్న పదకొండు గంటలకి ఇరవై ఒకటి వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. ఫోన్ చేశాను. "వచ్చేయ్, ఇరవై ఒకటైంది" అన్నాను.

"వెనక ఆ గోలేమిటి? ఎవరు నవ్వుతున్నారు?"

"దర్జీ."

"మనింట్లోనా?"

అరగంటలో వచ్చింది. అలవాటు కొద్దీ, "మొదటి తలుపు పడేదాకా ఆగు" అని లోపల్నుంచి అన్నాను. రెండు తలుపులూ ఒక్క ఊపున తోసుకుని వచ్చి హాలు మధ్యలో నిలబడింది. ముక్కల మీద పడి అరుస్తున్న తమ్ముణ్ణీ, కుర్చీ నిండా కూర్చున్న దర్జీనీ, టీ గ్లాసుతో పక్కింటావిణ్ణీ, గోడవారగా పొగపుల్లనీ చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నేనున్నప్పుడు కిటికీలోంచి ఒక్క ఆడమనిషితో మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు ఇంట్లో తిరనాళ్ళు పెట్టారా?"

"తిరనాళ్ళు కాదు. నాలుగు వందల ముప్పై వాట్లు. నాతో ఐదు వందల ముప్పై" అన్నాను.

నమ్మదేమోనని ఎవరివి ఎన్ని వాట్లో రాసుకున్న కాగితం కూడా చూపించాను. అదే నేను చేసిన పొరపాటు. బావమరిది దాన్ని లాక్కుని పైకి చదివాడు. తొంభై దగ్గరికొచ్చి ఆగాడు.

"అంటే బావా, నేను చెప్పుల కోసం వస్తున్నాననుకున్నానే."

"కర్టెన్లు కుట్టించరా సార్, అయితే?" అన్నాడు దర్జీ.

పక్కింటావిడ గ్లాసు కింద పెట్టి, "నా గిన్నె ఎక్కడుందో చెప్పండి అన్నయ్యగారూ" అంది. నేను పడకగదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి తెచ్చి ఇచ్చాను. దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనకే దర్జీ టేపు చుట్టుకుంటూ వెళ్ళాడు. "ఎనభైయేనా సార్?" అని పొగపుల్ల గడప దగ్గర ఆగి అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్ళాడు. బావమరిది అందరికన్నా ఆఖర్న వెళ్ళాడు. ఎవరూ తలుపులు మూయలేదు. చలిగాలి రివ్వున కొట్టింది. మూద్దామని కదిలాను.

"కూర్చోండి" అంది. కూర్చున్నాను.

"నేనూ వందేనా?"

"కూర్చుంటే వంద. వంట చేస్తున్నప్పుడు..."

"ఆ వందకి ఒక హీటరు కొనుక్కుంటే పోయేది. నన్నెందుకు పిలిచారు?"

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరడిగినా లెక్కతో సహా సమాధానం చెప్పాను. దీనికి నా దగ్గర లెక్క లేదు. థర్మామీటరు వైపు చూడబోతే ఆవిడ అడ్డంగా నిలబడి ఉంది.

"డ్యూటీ పొడిగించారని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఎవరూ పొడిగించలేదు. డ్యూటీ దిగాక గంటసేపు గోడౌన్‌లోనే దుంపల బస్తాల మధ్య కూర్చుంటున్నాను. అక్కడ మూడు డిగ్రీలు. అయినా ఇంటికి రాబుద్ధి కావడం లేదు. తాళం తీయాలంటే భయమేస్తోంది. నువ్వు లేకుండా నేను ఇక్కడ ఉండలేను" అన్నాను.

ఇంత పొడుగు మాట నేను మాట్లాడినట్టు గుర్తు లేదు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మాత్రం దించలేదు.

"ముందు వాళ్ళ నలుగుర్నీ తీసుకురండి. నా గడపలోంచి మనుషులు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతే నేనెలా ఉండేది?"

"రారు. ఏ పని చెప్పి పిలవను? అన్ని పనులూ అయిపోయాయి."

"ఏ పనీ చెప్పకండి."

పక్కింటికి వెళ్ళాను. పక్కింటావిడ గిన్నె తోముతోంది.

"మళ్ళీ ఏం కావాలి?"

"ఏం వద్దమ్మా. రండి."

"ఎందుకు?"

ఏదైనా అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. "ఊరికే" అన్నాను.

ఆవిడ తోమడం ఆపి, నాకు జ్వరమేమైనా తగిలిందా అన్నట్టు చూసింది. "మీ ఆవిడ వచ్చిందిగా. ఉంటుందా?" అంది. తెలియదన్నాను. చేతులు తుడుచుకుని లేచింది.

దర్జీ మిషను మీద నుంచి తలెత్తకుండా, "ఏ కిటికీ సార్?" అన్నాడు. ఏ కిటికీ కాదు, ఊరికే రమ్మన్నాను. మిషను ఆగిపోయింది. బావమరిది బస్టాపులో నిలబడి ఉన్నాడు. బస్సు కూడా వచ్చింది. "బావా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి, బస్సుని పోనిచ్చి నా వెంట నడిచాడు. పొగపుల్లకి ఫోన్ చేశాను.

"ఎక్కడ కారుతోంది సార్?"

"ఎక్కడా లేదు. ఊరికే రండి."

"మా ఫారంలో అలాంటిది లేదు సార్" అన్నాడు. వచ్చాడు. చేతిలో పుల్ల లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాడు.

నలుగురూ కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరికీ పని లేదు. అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. క్షమించమని అడిగాను. నోరు తిరగలేదు, కానీ అడిగాను. దర్జీ ముందు నవ్వాడు. ఆ నవ్వు ఎన్ని వాట్లో రాసుకోలేదు. పక్కింటావిడ వాళ్ళత్తగారి ఆపరేషను మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంది, ఈసారి మా ఆవిడకి. మా ఆవిడ వంటింట్లోంచి వింటూ, "అయ్యో, తర్వాత?" అంటూ టీ కాచింది. నాకు అంతా తెలిసిన కథే. అయినా విన్నాను.

అందరికీ గ్లాసులు అందించాక ఆవిడ తన గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చింది. కుర్చీలన్నీ నిండిపోయాయి. నేను కూర్చున్న బల్ల మీద నా పక్కన కాస్త చోటుంది, అందులో నా నోటుబుక్కూ పెన్నూ పరుచుకుని ఉన్నాయి. ఉంటావా అని అడుగుదామనుకున్నాను. నలుగురి ముందు నోరు రాలేదు.

ఆవిడ నా ముందు నిలబడి, గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "కాస్త జరగండి" అంది.

జరిగాను.